చచ్చిన గొడ్డు ఎవరి పాలు?

గొడ్డు పాలిచ్చినన్నాళ్లు దొరది. చచ్చిన్నాడు మా తాతలకు కబురొచ్చేది. మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో ఈ రివాజు తెలియనివాళ్లు లేరు. ఇప్పుడు గొడ్డు స్థానంలో పట్నం చెత్త వచ్చింది. హైదరాబాదు ఊడ్చిందంతా జవహర్‌నగర్‌లో గుట్టలైంది. నిన్నమొన్నటిదాకా శామీర్‌పేట మండలంలో ఉన్న ఊరే అది. ఆ గుట్ట మీద ఏరుకునేది ఎక్కువగా మనోళ్లే.

అందుకే సముద్రం దూరమైనా ఒక మాట అడుగుతున్నాం. 2009 జూలై 26న విశాఖలో అణు జలాంతర్గామి అరిహంత్‌ను కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించారు. 2016లో అది నౌకాదళంలో చేరింది. రష్యా నుంచి కిరాయికి తెచ్చిన చక్ర 2021లో వాపసు పోయింది, దాని ముసలితనం వాళ్ల పాలు. అరిహంత్ ముసలితనం ఎవరి పాలు?

డీజిల్ జలాంతర్గామి కుర్సురాను 2001లో కొలువు నుంచి దించి, విశాఖ బీచిలో మ్యూజియం చేశారు. అణు ఓడతో అట్ల కుదరదు. ఇంధనం తీసేసినా రియాక్టర్ ఉక్కులోనే రేడియేషన్ నిలుస్తది. అందులోని నికెల్-63 బలం సగానికి తగ్గాలంటేనే దాదాపు 100 ఏళ్లు.

పెద్ద దేశాలు ఏం చేసినయి? బ్రిటన్‌లో 1980 నుంచి పక్కనబెట్టిన 20 జలాంతర్గాముల్లో ఒక్కదాన్నీ పూర్తిగా విప్పలేదని 2019లో వాళ్ల ఆడిట్ సంస్థే తేల్చింది. రష్యాలో విప్పడానికి లాక్కుపోతున్న కె-159 2003 ఆగస్టులో మునిగి 9 మంది చచ్చిపోయారు. అమెరికా రియాక్టర్ గదులను కోసి హాన్‌ఫోర్డ్ కందకంలో పెడుతున్నది. 1943లో అణుబాంబు పని కోసం వానాపమ్ ఆదివాసులను వెళ్లగొట్టిన నేల అది. చూశారా, అక్కడా బలహీనుల నేలే దొరికింది!

దేశరక్షణ రహస్యమంటరు. ఓడ ఎక్కడ తిరుగుతున్నదో మేం అడగం. దాన్ని ఎక్కడ పూడుస్తరో, ఎవరితో కోయిస్తరో మాత్రం అడుగుతం. 2013లో చట్టం వచ్చినంక కూడా మ్యాన్‌హోల్లో దిగి చస్తున్నది ఎవరో మాకు తెల్వదా?

విప్పే ఖర్చు కట్టేనాడే లెక్కగట్టాలె. గ్రామసభ ఒప్పుకోని చోట పూడ్చొద్దు. ఆ పని కాంట్రాక్టు కూలీలకు అప్పజెప్పొద్దు. పనిచేసే ప్రతి ఒక్కరికి పర్మినెంటు కొలువు, జీవితాంతం వైద్యం ఇయ్యాలె. ఒంటికి సోకిన రేడియేషన్ లెక్క వాళ్ల చేతికే ఇయ్యాలె.

అన్నలారా, అక్కలారా! కొబ్బరికాయ కొట్టేనాడు మనల్ని పిలవలేదు. గొడ్డు చచ్చిన్నాడు కబురొస్తది. అది రాకముందే అడుగుదాం.