పల్లెవెలుగుకు దారేది?

టికెట్టుకు డబ్బులక్కర్లేదు. ఎక్కడానికి బస్సే లేదు. రవాణా అంతంతమాత్రంగా ఉన్న పల్లెల మహిళల గోడు ఇది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరిట ఇదే సదుపాయం వచ్చింది. బస్సుల్లో రద్దీ పెరిగింది. అయితే రద్దీ పెరిగినంత మాత్రాన పల్లెకు బస్సు వచ్చినట్లు కాదు.

లెక్క తప్పుతున్నదెక్కడ?

కిలోమీటరుకు ఖర్చెంత, రాబడెంత అన్నదే డిపోల కొలమానం. ఖర్చులో సింహభాగం జీతాలు, డీజిలుదే. బస్సు నిండినా, ఖాళీగా నడిచినా ఇందులో పెద్ద తేడా ఉండదు. గుంతల దారిలో టైర్లు త్వరగా అరుగుతాయి. అందుకే పొదుపు పేరిట మొదటి వేటు పల్లె ట్రిప్పుపైనే పడుతుంది. నాలుగు ట్రిప్పులు రెండైతే జనం ఆటోలకు మళ్లుతారు. మిగిలిన రెండింటికీ రాబడి పడిపోతుంది. చివరికి అవీ రద్దవుతాయి.

మహిళల జీరో టికెట్ల సొమ్మును ప్రభుత్వమే ఆర్టీసీకి చెల్లించాలి. టికెట్టు విలువ దూరాన్ని బట్టే ఉంటుంది గనుక పది కిలోమీటర్ల పల్లె ట్రిప్పుకు దక్కేది స్వల్పమే. ఆ స్వల్పమూ ఆలస్యమైతే విడిభాగాలకు, కొత్త బస్సులకు కటకట తప్పదు.

వేళకు వస్తేనే మేలు

అద్దె బస్సులు ఒక మార్గం. 2025లో తెలంగాణ ఆర్టీసీ మహిళా సమాఖ్యల బస్సులనూ అద్దెకు తీసుకుంది. దీనివల్ల కొనుగోలు భారం తప్పుతుందే గాని, నడిపే భారం పోదు.

నిధులు పరిమితమైనప్పుడు ఉన్న బస్సును అవసరమైన వేళకు నడపడమే ఉత్తమం. కళాశాల గంటకు ముందు చేర్చి, సాయంత్రం తిరిగి తెచ్చే రెండు ట్రిప్పులు వేళకాని నాలుగింటి కన్నా నయం. రాత్రి ఊళ్లోనే ఆగి తెల్లవారుజామున బయలుదేరే నైట్‌హాల్ట్ బస్సు కూరగాయల రైతుకు, రోగులకు ఆధారం. డిపో నుంచి ఖాళీగా రావాల్సిన పనీ ఉండదు. సిబ్బంది పడుకునేందుకు గది, మరుగుదొడ్డి సమకూర్చే బాధ్యతను పంచాయతీ తీసుకోవాలి. ఏ వేళకు బస్సు కావాలో గ్రామసభలో అడిగి తెలుసుకోవడానికి పైసా ఖర్చు కాదు.

సాయంత్రం బస్సు రద్దయితే ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి చదువు మధ్యలోనే ఆగిపోవచ్చు. ఆ నష్టం డిపో లెక్కల్లోకి ఎక్కదు. దాన్నీ లెక్కగట్టి పూడ్చే బాధ్యతను ప్రభుత్వాలు స్వీకరించనంత కాలం పల్లెవెలుగులోని వెలుగు పేరుకే పరిమితం.