ఫోను ఎవరి ఇంట్లో ఉన్నట్టు?

‘మీ ప్రాంతంలో ఇంటి ఫోను సౌకర్యం ఉందా?’ అని అడిగితే మనం మండలం పేరు చెప్పి ఊరుకుంటాం. ‘చర్లలో ఉంది’ అంటాం. చర్ల అంటే ఏ చర్ల? భద్రాచలం నుంచి వచ్చే బస్సులు ఆగే బజారా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలోని కోయ గూడేలా? మండల కేంద్రానికి తీగ వస్తే గూడేలకూ వచ్చినట్టే లెక్క కడుతున్నాం.

1994 టెలికాం విధానం 1997 కల్లా అడిగినవారందరికీ ఫోను, ప్రతి గ్రామానికీ ఫోను సౌకర్యం అంది. 1999 విధానం ఆ గడువును 2002కు జరిపింది. సార్వత్రిక సేవా నిధికి 2003లో చట్టబద్ధత కల్పించారు. టెలికాం కంపెనీల లెక్కకట్టిన ఆదాయంలో 5 శాతం, అంటే చివరికి మనం కట్టే బిల్లుల సొమ్మే, దానికి జమ అవుతుంది. 2023 చట్టం దాన్ని డిజిటల్ భారత్ నిధి అంది. గడువులు మారాయి, పేర్లు మారాయి. సౌకర్యం ఎవరి చేతికి అందిందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు.

చర్ల దగ్గరి ఒక గూడెంలో నేనొక స్త్రీని మీ ఇంట్లో ఫోనుందా అని అడిగాను. ‘ఉంది అక్కా, ఆయన జేబులో ఉంటది’ అంది. ఆమె ఇంటిని మనం ‘ఫోను ఉన్న ఇల్లు’ కింద రాసుకుంటాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు దాదాపు 54 శాతమే. ‘ఇల్లు’ అనే ఒక్క మాట చాటున మిగతావాళ్లు మాయమైపోతారు.

ఇంటికి తీగ ఫోను వస్తే చాలునా? అది నట్టింట్లో, అత్తమామల చెవుల ముందు ఉంటుంది. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 181 నంబరూ ఉంది. కానీ కొట్టే చేతిలోనే ఫోనుంటే ఆ నంబరు గోడమీద రాతగానే మిగులుతుంది.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. సౌకర్యాన్ని మండలాలవారీగా కాక గూడేలవారీగా, ఇళ్లవారీగా కాక మనుషులవారీగా లెక్కించాలి. పట్టా కాగితం ఉన్నా లేకపోయినా స్త్రీ పేరుమీద కనెక్షన్ ఇవ్వాలి. ప్రతి అంగన్‌వాడీలోనూ తలుపు వేసుకుని మాట్లాడుకోగల ఒక ఫోను ఉండాలి.

ఇందులో మన తప్పూ ఉంది. ఏళ్ల తరబడి హెల్ప్‌లైన్ పోస్టర్లు అంటించాం. ఏ ఫోను నుంచి చేస్తావమ్మా అని మాత్రం అడగలేదు. ఇకనైనా ముందు ఆ ప్రశ్న అడిగి, తర్వాత పోస్టరు అంటిద్దాం.