వెనక సీటు యాత్ర

భార్యాభర్తలు మోటారు సైకిలు మీద యూరప్ చుట్టొచ్చారంటే మురిసిపోతాం. హ్యాండిల్ ఎవరి చేతిలో ఉందని అడగం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు వెనక కూర్చునేవాళ్ల కోసం పట్టుకోడానికి పిడి, కాళ్లకు ఆసరా, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలన్నాయి. ఆ అడ్డుకు లోకం పెట్టిన పేరు శారీగార్డ్! వెనక సీటు ఎవరిదో ఆ పేరే చెబుతోంది.

యూరప్ దాకా ఎందుకు? మా కుప్పం నుంచి కాస్త దూరం వెళ్తే ఇటు కర్ణాటక, అటు తమిళనాడు. ఆ రెండు సరిహద్దులూ నేను దాటింది వెనక సీటు మీదే. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనుదిరగాలో నిర్ణయించింది ముందున్న మనిషే. దీన్నా మనం జంట యాత్ర అంటున్నది?

2018లో హైదరాబాదు జై భారతి మరో ముగ్గురు స్త్రీలతో బైకుల మీద వియత్నాం దాకా వెళ్లొచ్చారు. నడపడం మనకు రాదనే మాట ఇక చెల్లదు. జంటగా వెళ్దాం, తప్పకుండా. కానీ లైసెన్సు, హ్యాండిల్, తిరిగొచ్చాక ఆ యాత్రను రాసే కలం ఇద్దరివీ కావాలి.