సంగటి తింటే షుగరు రాదా?



రక్తపరీక్ష చీటీ చేతికిచ్చి షుగరు ఉందని చెప్పగానే మాకు తరచుగా వినబడే జవాబు ఒకటుంది. "మేము స్వీట్లు తినేదే లేదు సిస్టర్. రెండు పూటలా సంగటే. మాకెట్లా వచ్చె?" ఈ మాటలో సగం నిజముంది. రెండవ సగం గురించే మా అభిప్రాయం చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మన అనంతపురం సీమలో ఏడాదికి సగటు వర్షం 550 మిల్లీమీటర్లు. చెరువు కింద తప్ప వరి పెద్దగా ఉండేది కాదు. అందుకే మన పెద్దలు కొర్రన్నం, జొన్నరొట్టె, రాగిసంగటి తిన్నారు, వరి అన్నం పండుగకే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ పథకాన్ని మేము తప్పుపట్టము. కరువు ఏళ్ళలో పొయ్యి వెలగని ఇళ్ళకు అది అన్నం పెట్టింది. అయితే ఆ తరువాత మెల్లగా మన కంచం తిరగబడింది. కొర్ర వేసే చేలలోకి శెనక్కాయ వచ్చింది. సంగటిలో కూడా బియ్యమే ఎక్కువైంది, రాగిపిండి రంగుకు వేసినట్టు వేస్తున్నారు. పక్కన పప్పు తగ్గి పలుచని చారు మిగిలింది. మన తాతలు ఆ ముద్ద తిని పొద్దుగుంకే దాకా మడక వెనుక నడిచారు. ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది, ముద్ద సైజు మాత్రం తగ్గలేదు!

ఇప్పుడు ఇంకొక వైపుకు కొట్టుకుపోతున్నాము. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన నాటికే ఈ ఊపు మొదలైంది. కొర్రలు, అండుకొర్రలు ప్యాకెట్లలో బియ్యం కంటే ఎంతో ఎక్కువ ధరకు కొని తెచ్చుకుంటున్నారు. తినండి, మంచివే. పీచు ఉంది, రాగుల్లో కాల్షియం ఉంది. కానీ కొర్రలు తింటున్నామని మాత్రలు, ఇన్సులిన్ మానేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ సలహా ఎవరు చెప్పినా వినవద్దు.

భారత వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త పరిశీలనలో 2023 నాటికి మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉన్నట్లు తేలింది. అదే పరిశీలన నుండి 2025లో వచ్చిన మరొక నివేదిక ప్రకారం మనం తినే శక్తిలో నూటికి 62 వంతులు పిండి పదార్థాల నుండే వస్తోంది. బియ్యం తీసి ఆ చోట అంతే చిరుధాన్యం పెడితే షుగరు ముప్పు తగ్గలేదట. మొత్తం పిండి పదార్థం కొంత తగ్గించి, ఆ చోట పప్పులు, పాలు, పెరుగు పెట్టినప్పుడే తగ్గుదల కనబడింది. మెత్తగా పట్టించిన రాగిపిండితో జావ కాచి, బెల్లం వేసి, చెంబెడు తాగితే షుగరు పెరగక ఏమవుతుంది?

లెక్క చూడండి. నూరు గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములు. రాగుల్లోనూ ఇంచుమించు అంతే. కందిబేడలు, ఉలవలు, శెనగబేడలు, శెనక్కాయల్లో ఇరవై దాటుతాయి. ఉలవలు ఎద్దులకు పెట్టి, శెనక్కాయలు మండీకి తోలి, మనం చారన్నం తింటున్నాము. దానియేలు బబులోనులో రాజు భోజనం వద్దని శాకధాన్యాదులు, నీళ్ళు అడిగాడు. అది షుగరు కొరకు కాదనుకోండి, అయినా మన సంఘాలలో ఆ అధ్యాయం చదివేటప్పుడు మా మనసు వంటింటి మీదికి పోతుంది.

మాకు ఎక్కువ బాధ కలిగించేది ఆడవారి సంగతి. ఇంట్లో చివర తినేది ఆమె. అప్పటికి పప్పు అడుగంటి ఉంటుంది, అన్నం మాత్రం ఉంటుంది. అలాంటి తల్లికి తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు పెద్దయ్యాక, కడుపునిండా అన్నం దొరికి పని తగ్గినప్పుడు షుగరు వచ్చే ముప్పు ఎక్కువ. సన్నగా ఉన్నవారికి రాదనుకోవడం అందుకే పొరపాటు. కనుక పప్పు ముందు గర్భవతికి వడ్డించండి, మగవారికి తరువాత. అత్తగార్లు కోపగించుకోకూడదు.

కోతపండుగ విందుల గురించి కూడా ఒక మాట. అన్నం, బిర్యానీ, ఓళిగ, పైన కూల్ డ్రింకు! సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వారు ఈసారి కూల్ డ్రింకుకు బదులు మజ్జిగ ఇవ్వండి, అలసంద గుగ్గిళ్ళు చేర్చండి. ఖర్చు పెరగదు. ఓళిగ మానమని అనడం లేదు, ఒకటి చాలు.

మార్పు ఫలిస్తుందా అని అడిగేవారికి: చెన్నైలో షుగరుకు ముందు దశలో ఉన్నవారిపై చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, తిండి సరిచేసుకుని రోజూ నడిచిన వారిలో వ్యాధిగా మారడం నూటికి 28 వంతులు తగ్గింది.

ముప్పై ఏళ్ళు దాటినవారు, ఇంట్లో తల్లికో తండ్రికో షుగరు ఉన్నవారు, గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చి పోయినవారు పరీక్షకు రండి. రాత్రి భోజనం తరువాత కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకండి, కాఫీ కూడా వద్దు, మంచినీళ్ళు తాగవచ్చు. పరగడుపున 100 నుండి 125 వస్తే అది ముందు దశ. 126 గానీ ఆపైన గానీ వస్తే ఇంకొకసారి పరీక్షించి డాక్టరుగారు నిర్ణయిస్తారు. వచ్చేటప్పుడు ముందురోజు మూడు పూటలా ఏమి తిన్నారో, ఎంత తిన్నారో ఒక చీటీ మీద వ్రాసుకుని రండి.