తాళం ఎవరి చేతికిస్తారు?

ఖరీదైన కార్ల షోరూముల్లో మనకి మర్యాదకేం తక్కువుండదు. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు. మాట మాత్రం పక్కనున్న మగవాడితోనే!

మా పెద్ద ఆడపడుచు డాక్టరు. సొంత సంపాదనతో స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలని ముచ్చటపడి హైదరాబాదులో ఒక షోరూముకి వెళ్లింది. అన్నయ్యగారూ, నేనూ తోడు వెళ్లాం. ఇంజను పవరెంత, సర్వీసింగుకి ఏడాదికెంతవుతుంది అని వదిన అడిగితే, ఆ సేల్స్ కుర్రాడు జవాబులన్నీ అన్నయ్యగారికి చెప్పాడు. "మేడమ్‌కి రంగులు చూపిస్తాను" అన్నాడు. టెస్ట్ డ్రైవ్ తాళం కూడా ఆయన చేతిలోనే పెట్టబోయాడు. ఆయనకి డ్రైవింగే రాదు!

"పాపం, అలవాటులో పొరపాటు" అంటారు కొందరు. డబ్బు ఎవరిదో కనుక్కోనివాడు అమ్మకమేం నేర్చుకున్నట్టు? అసలు కారులో మొదటి దూరప్రయాణం చేసింది ఒక ఇల్లాలు. 1888లో బెర్తా బెంజ్, భర్తకి ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న తల్లి దగ్గరికి వంద కిలోమీటర్లు పైగా వెళ్లింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో బాగుచేసుకుంది. ఆవిడకి ఎవరూ రంగులు చూపించలేదు.

కారైనా, ఫ్రిజ్జయినా, ఇల్లయినా ఇదే తంతు. అందుకే ఈసారి "బాబూ, కొనేది నేను, ఇటు చూసి చెప్పు" అనండి. మీవారు కూడా "ఆవిడనే అడుగు" అని ఊరుకుంటే చాలు. అప్పటికీ మొహం ఇటు తిప్పకపోతే, కాఫీ అక్కడే పెట్టి లేచి రండి. మన డబ్బుకి ఇంకో షోరూము దొరక్కపోదు.