ఆ ఇల్లు కుటీరము కాదు

షేక్స్పియరు మహాకవి జన్మించిన స్ట్రాట్‌ఫర్డు పట్టణమునకు పడమట ఒక మైలు దూరమున షాటరీ అను పల్లె కలదు. అచట పూలతోట నడుమ, గడ్డికప్పుతో, ఎత్తుపల్లముల గోడలతో ఒక పాత ఇల్లు నిలిచియున్నది. కవి భార్యయైన ఆన్ హాథవే పుట్టిల్లగుటచే లోకము దానిని 'ఆన్ హాథవే కాటేజి' అని పిలుచుచున్నది. ఆ మాట విన్న మన విద్యార్థి నిఘంటువు విప్పి 'కుటీరము' అని అర్థము వ్రాసికొనును. అంతటితో వాని కనుల ముందు ఋషుల పర్ణశాలయో, నిరుపేద పూరిగుడిసెయో నిలుచును. అది ఆ రెండును కాదు. అది పండ్రెండు గదుల రైతు ఇల్లు. ఈ పేరు కలిగించు భ్రమ తొలగించుకొననిదే దాని చరిత్ర మనకు బోధపడదని నా అభిప్రాయము.

షేక్స్పియరు కాలమున ఈ ఇంటికి హ్యూలాండ్స్ అని పేరు. దానితోబాటు సుమారు 90 ఎకరముల భూమి ఉండెడిదని చెప్పుదురు. ఆన్ తండ్రి రిచర్డు హాథవే గొఱ్ఱెలను పెంచి, పొలము దున్నించిన సంపన్న రైతు. అతడు 1581లో మరణించెను. తన మరణశాసనమున కుమార్తెకు పెండ్లినాడు 6 పౌనుల 13 షిల్లింగుల 4 పెన్సులు ఇయ్యవలెనని వ్రాసెను. మరుసటి యేడే, 1582లో, ఆమె షేక్స్పియరును వివాహమాడెను. అంతవరకు కౌలుదారులుగా నున్న హాథవేలు 1610లో ఆ ఇంటిని సొంతము చేసికొనిరి. కొన్నవాడు ఆన్ సోదరుడు బార్తలమ్యూ. గడ్డికప్పు దారిద్ర్యచిహ్నమని తలచువారు ఈ సంగతి గమనింపవలెను. ఆనాటి ఇంగ్లీషు పల్లెలలో కలిగినవారును గడ్డికప్పు క్రిందనే కాపురముండిరి.

ఇక కట్టడము సంగతి. ఇంటి పాతభాగము ఐదు వందల యేండ్లకు మించినది. సహజముగా వంగి పెరిగిన ఓకు మ్రాకులను ఎన్నుకొని, జతలుగా ఎదురెదురుగా నిలిపి, కొనలను ఇంటి కొప్పు వద్ద కలిపిరి. నేలనుండి కొప్పు వరకు సాగిన ఈ వంపుకఱ్ఱల జతలే కప్పు బరువు మోయును. అందుచే గోడలకు బరువు మోయు పని తక్కువ. కఱ్ఱచట్రముల నడుమ తడికలల్లి, బంకమన్ను, గడ్డి, పేడ కలిపి మెత్తుట నాటి పద్ధతి. ఇంత మెత్తని గోడ ఇన్నాళ్ళెట్లు నిలిచెనని అడిగినచో, ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు దానిని మరల మెత్తుచుండుట వలననే యని సమాధానము. ఇంటిలోని ఎత్తైన భాగము 17వ శతాబ్దిలో చేర్చబడినది. ఒక తరము కట్టినదానిని మరియొక తరము పెంచుకొన్నది.

గడ్డికప్పు మహిమ మరింత విచిత్రము. కప్పును సుమారు 50 డిగ్రీల ఏటవాలుగా నిలుపుదురు. వానచినుకు ఒక కాడపైనుండి మరియొక కాడపైకి జారుచు చూరు చేరును. పైపొర మాత్రమే తడియును, లోపలి గడ్డి పొడిగానే యుండును. గోధుమగడ్డి కప్పు ఇరువది, ముప్పది యేండ్లు నిలుచును. నీటిరెల్లు కప్పు అంతకు మించి నిలుచును. కొప్పును మాత్రము పది, పదునైదు యేండ్లకొకసారి సరిచేయవలెను. దక్షిణ ఇంగ్లండున చాలచోట్ల పాతకప్పును పూర్తిగా తీయరు. చెడినంతవరకు తీసి, దానిపైననే క్రొత్త పొర పఱచి, హేజెల్ కొమ్మల బద్దలను వంచి గ్రుచ్చి బిగింతురు.

ఈ ఆచారము వలన చరిత్రకారులకు ఒక పెన్నిధి దొరికినది. పొగగొట్టములు లేని కాలమున ఇంటినడుమ పొయ్యి మండెడిది. పొగ కప్పునంటి అడుగుపొరను నల్లబఱచెడిది. కొన్ని ఇండ్లలో ఆ మసిపట్టిన పొర నేటికిని చెక్కుచెదరక యున్నది. శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి, మధ్యయుగమునాటి గోధుమ వెన్నులను, రై ధాన్యపు కాడలను, పొలములోని కలుపుమొక్కలను గుర్తించిరి. రాజుల శాసనములు చెప్పని వ్యవసాయచరిత్రను ఆ ఇంటికప్పులు చెప్పినవి.

ఇందు ఒక ఆక్షేపణ రావచ్చును. కవి పేరు లేకున్న ఈ ఇంటిని ఎవరు కాపాడెదరు? ఆక్షేపణలో సత్యమున్నది. 1795లో శామ్యుయలు ఐర్లండు ప్రచురించిన గ్రంథమున ఈ ఇంటి చిత్రము వెలువడినది. నాటినుండి యాత్రికుల రాక హెచ్చినది. హాథవే వంశీయులు అప్పులపాలై 1846లో ఇల్లు అమ్ముకొన్నను, కౌలుదారులుగా అచటనే యుండిరి. 1892లో షేక్స్పియరు జన్మస్థల సంస్థ దానిని కొనినపుడు, ఆ వంశమునకే చెందిన మేరీ బేకరు అను వృద్ధురాలు అచట కాపురముండి, వచ్చినవారికి ఇల్లు చూపుచుండెను. ఆమె 1899లో కన్నుమూసెను. 1969లో అగ్నిప్రమాదమున కప్పు కొంత కాలిపోగా, సంస్థవారు మరల బాగుచేయించిరి. కవి కీర్తి లేనిచో ఇవియన్నియు జరిగెడివి కావేమో.

కాని కీర్తి ఇంటిని కొనిపెట్టగలదు గాని కప్పలేదు. చట్టము ఆ ఇంటికి ప్రథమశ్రేణి రక్షణ కల్పించినది. అయినను చట్టము గడ్డిని పండింపజాలదు. ఇరువదవ శతాబ్దిలో పొట్టికాడల గోధుమవంగడములు వచ్చినవి. కంబైన్ కోతయంత్రము కాడలను నలిపి తుంచివేయును. ఆ గడ్డి ఇంటికప్పునకు పనికిరాదు. అందుచే కొందరు రైతులు పొడవుకాడల పాతరకములను ప్రత్యేకముగా పండించి, వెనుకటి కోతయంత్రములతో కోసి, కట్టలు కట్టి ఇండ్లు కప్పువారికి అమ్ముచున్నారు. ఆ రైతు మానినచో, ఆ పనివాని చేతినేర్పు మరియొక తరమునకు అందనిచో, ఎంతటి మహాకవి పేరు వ్రాసి తగిలించినను చూరు కారకమానదు. పాత కట్టడములను గూర్చి మాటలాడువారు ఇటుకలను, దూలములను లెక్కించినంత శ్రద్ధగా చేతిపనివారిని లెక్కింపకుండుట గొప్ప లోపము.

ఆ ఇంటి కథలో థామస్ విట్టింగ్టన్ అను ఒక గొఱ్ఱెలకాపరి కలడు. అతడు హాథవేల మందను కాచినవాడు. 1601లో వ్రాయించిన తన మరణశాసనమున 40 షిల్లింగులు స్ట్రాట్‌ఫర్డు పేదలకు ఇచ్చెను. ఆ సొమ్ము షేక్స్పియరు భార్య ఆన్ వద్ద ఉన్నదని అందు పేర్కొనెను. అది ఆమెకిచ్చిన అప్పో, ఆమె వద్ద దాచుకొన్నదో పండితులు చర్చింతురు. నన్ను ఆకర్షించినది వేఱు. ఒక కాపరి తాను కూడబెట్టినదానిని తనకన్న పేదలకు ఇచ్చెను. ఆన్ పుట్టిల్లు చూడబోయిన యాత్రికులలో ఎందరు ఇతని పేరు అడుగుదురు?

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక విన్నపము. షేక్స్పియరు నాటకము బోధించునపుడు ఒక గంట ఈ ఇంటికి కేటాయింపుడు. ఇది ప్రేమకథకు రంగస్థలమని చెప్పి విడువకుడు. కఱ్ఱ ఎట్లు నిలిచినది, గడ్డి ఎచట పండినది, పొగ ఎటు పోయినది, మంద ఎవరు కాచిరి అని పిల్లలచేత అడిగింపుడు. రాజులు, యుద్ధములు, తేదీలు తప్ప చరిత్ర లేదనుకొను బాలునికి గోడలోని పేడయు చరిత్రయేనని తెలియును. 'కాటేజి' అను మాట వచ్చినచోట 'కుటీరము' అని కాక, 'రైతు ఇల్లు' అని వారి పుస్తకములలో వ్రాయింపుడు.