తోడేలు కథను నమ్మని తండ్రి

యూసుఫ్ అలైహిస్సలాంను బావిలో పడవేసిన అన్నలు నెత్తురు పూసిన చొక్కాతో ఇంటికి వచ్చారు. తోడేలు తినివేసిందన్నారు. తండ్రి యాఖూబ్ అలైహిస్సలాం ఆ కథను నమ్మలేదు. దుఃఖంతో చూపు పోయిన తరువాత కూడా, వెళ్ళి యూసుఫ్‌ను వెదకండని కుమారులను పంపారు. ఈ వృత్తాంతం మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. అయినా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఒక యువకుడు ఇంటికి రాకపోతే సాయంత్రంలోగా వీధి ఒక తోడేలు కథను సిద్ధం చేస్తుంది. బెట్టింగులో పోగొట్టుకొని అప్పులవాళ్ళకు భయపడి పోయింటాడు. కువైట్‌కు పోయింటాడు. ఎవరి వెంటనో తిరిగినాడు గదా, ఏమయినాడో! ఆడపిల్ల అయితే కథ కూడా అక్కరలేదు, పరువు పేరిట ఇంటివారే నోరు మూసుకొంటారు.

ముఠా తగాదాలు సాగిన దశాబ్దాలలో, ఫలానావాడు ఏమయ్యాడని అడగడమే ప్రమాదమని ఇక్కడి జనం నేర్చుకొన్నారు. బాంబుల మోత తగ్గింది గాని ఆ అలవాటు పోలేదు. ఠాణాలో "రెండు రోజులు చూడండి, వాడే వస్తాడు" అంటే తలూపి వచ్చేస్తున్నాము. ఇరవై నాలుగు గంటలు ఆగాలని ఏ చట్టమూ చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు కనబడకపోతే అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో ఆదేశించింది. పెద్దవారి విషయంలోనూ అపహరణ అనుమానముంటే వ్రాసి ఇవ్వాలి. మా పరిధి కాదని త్రిప్పి పంపే వీలు లేదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ జీరో ఎఫ్‌ఐఆర్‌కు చట్టబద్ధత నిచ్చింది. ఠాణాలో తీసుకోకపోతే ఎస్పీకి తపాలాలో పంపవచ్చు. ఆయనా పట్టించుకోకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు.

ముస్లిం యువకుని విషయంలో తోడేలు కథ మరొక రంగు పులుముకొంటుంది. 2016 అక్టోబరు 15న ఢిల్లీలోని జేఎన్‌యూ హాస్టల్ నుండి నజీబ్ అహ్మద్ అదృశ్యమయ్యాడు. అంతకు ముందు రాత్రి అతనికి ఏబీవీపీ విద్యార్థులతో ఘర్షణ జరిగింది. కొన్ని నెలలకు, అతడు ఐసిస్ గురించి ఇంటర్నెట్‌లో వెదికాడని ఒక పత్రిక వ్రాసింది. ఢిల్లీ పోలీసులే ఆ వార్తను ఖండించారు. తల్లి ఫాతిమా నఫీస్ ఆ కథనూ నమ్మలేదు, కోర్టులనూ విడువలేదు. 2018లో సీబీఐ కేసు మూసివేతకు నివేదిక ఇచ్చింది. 2025 జూన్ 30న కోర్టు దానిని అంగీకరించింది. కుమారుడు దొరకలేదు. అయితే అతడు తానై పారిపోయాడని ఎవరూ తేల్చి చెప్పలేని విధంగా ఆమె ప్రశ్న రికార్డులో నిలిచి ఉంది.

గల్ఫ్ సంగతి వేరు. కఫీల్ ఇంటి నుండి బయటపడి "ఖల్లివల్లి"గా తిరిగేవాడు భయంతో ఫోను మార్చుకొంటాడు. ఇంటికి మాత్రం అతడు మాయమైనట్లే. పంపిన ఏజెంటును పట్టుకొని ఏడ్చేకంటే పాస్‌పోర్టు నకలుతో విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయడం మేలు. పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఉంచుకోని కుటుంబాలెన్నో!

అందరికంటె నలిగిపోయేది అతని భార్య. వితంతువూ కాదు, సుమంగళీ కాదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆమె దాదాపు జీవితకాలం వేచి ఉండవలసి వచ్చేది. ఈ కష్టాన్ని చూసే మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ వంటి హనఫీ పెద్దలు మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించారు. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం ఆ దారిలోనే వచ్చింది. నాలుగేళ్ళు భర్త ఆచూకీ తెలియకపోతే ఆమె కోర్టులో ఖులా కోరనక్కర లేకుండానే వివాహ రద్దు పొందవచ్చు. డిక్రీ ఆరు నెలల తరువాత అమలవుతుంది. ఈలోగా అతడు తిరిగి వచ్చి కాపురానికి సిద్ధమని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దవుతుంది. రెండేళ్ళు పోషణ ఇవ్వకపోయినా ఇదే చట్టం క్రింద దావా వేయవచ్చు.

అయితే ఆ నాలుగేళ్ళు ఎన్నటి నుండి? జడ్జి అడిగే మొదటి ప్రశ్న ఇదే. పరువుకు వెరచి, వీధి చెప్పిన కథకు తలవంచి ఫిర్యాదు ఇవ్వని కుటుంబం ఆ కోడలి చేతిలోని కాగితాన్ని కూడా పోగొట్టినట్లే. మన మసీదు కమిటీలు నికాహ్ దఫ్తరును పదిలంగా వ్రాస్తున్నాయి. దాని ప్రక్కనే కనబడనివారి పేర్లకూ ఒక దఫ్తరు పెట్టి, పేరు వ్రాయించిన రోజే కమిటీ సభ్యులిద్దరు ఆ తల్లితో కలిసి ఠాణాకు వెళ్ళి, ఎఫ్‌ఐఆర్ నకలు చేతికి వచ్చే దాకా అక్కడ కూర్చోవాలి.